అందరి తరఫునా వెంకటపతి

గాయత్రికి కోపం వస్తే అరవదు, రాస్తుంది. అరిచే మనిషి కాసేపటికి చల్లబడి ఓ నవ్వు నవ్వేస్తే గొడవ సర్దుకుంటుంది. రాసిన మాటకు ఆ సదుపాయం లేదు. అది ఎక్కడికి పోయినా అదే కోపంతో, అంతే వేడిగా ఉంటుంది. జూనియర్ కాలేజీలో ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పిన మనిషికి ఇది తెలియదని కాదు. తెలిసిన సంగతి సమయానికి గుర్తు రావాలి కదా.

గుడివాడలో ఆమె పనిచేసే కంప్యూటర్ విద్యాసంస్థ గోవర్ధనరావు గారిది. ఆయన అసలు వ్యాపారం రైసు మిల్లు. పిల్లలకు చదువు చెప్పడం కూడా మిల్లు నడిపినట్టే ఉంటుందని, ఇటు పోస్తే అటు వస్తుందని ఆయన గట్టి నమ్మకం. రెండువేల ఆరులో ఆయన ఆన్‌లైన్ డిప్లొమా మొదలుపెట్టారు. గుడివాడ రానక్కర్లేదు, దగ్గర్లో నెట్ సెంటరుంటే చాలు, ఏడాది తిరిగేసరికి డిప్లొమా మీ చేతిలో ఉంటుందని బందరు నుంచి నాగాయలంక దాకా గోడలన్నీ నింపేశారు. హైదరాబాదు నుంచి ఒక నిపుణుణ్ణి పిలిపించి ఒక రోజంతా క్లాసు కూడా చెప్పించారు. పాఠం పెట్టడంతో పని అయిపోదు, విద్యార్థి చేత మాట్లాడించాలి అని ఆ నిపుణుడు నొక్కి చెప్పి, మధ్యాహ్నం భోజనం చేసి వెళ్ళిపోయాడు. ఎలా మాట్లాడించాలో చెప్పేలోపు ఆయన బస్సు టైమైంది.

ఆయన వదిలి వెళ్ళిన రూలు మాత్రం గోవర్ధనరావు గారికి తెగ నచ్చింది. వెబ్‌సైటులో చర్చ పేజీ అని ఒకటి ఉంటుంది. విద్యార్థులు తమ సందేహాలు అందులో రాయాలి, గాయత్రి జవాబివ్వాలి. అందరి ప్రశ్నలూ అందరికీ కనపడతాయి. ఆ పేజీలో ఏమీ రాయని వాళ్ళను పరీక్షకు పంపరు. "తెర మీద కనపడనోడు మనకి లేనట్టేనమ్మా," అని తేల్చేశారాయన.

పొద్దున్నే వచ్చి, టీ తాగుతూ ఆ పేజీ తెరవడం గాయత్రికి అలవాటైంది. మొదట్లో ఉత్సాహంగా తెరిచేది. తర్వాత్తర్వాత తెరవాలంటేనే నీరసం వచ్చేది. క్లాసులో అయితే ఎవరి కళ్ళు వెలిగాయో, ఎవరు కిటికీలోంచి బయటికి చూస్తున్నారో తెలుస్తుంది. ఇక్కడ ఒక్క మొహమూ లేదు. ఏమైనా సందేహాలున్నాయా అని ఆమె రాస్తే ఆ మాట కింద వారాల తరబడి ఖాళీయే.

ఒక్క వెంకటపతి మాత్రం రాసేవాడు. నాగాయలంక దాటి వెళ్తే వచ్చే చేపలవాళ్ళ పల్లె అతనిది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసి, చివర "ఇట్లు తమ విధేయుడు" అని పెట్టేవాడు. అతని ప్రశ్నలే విచిత్రంగా ఉండేవి. ఒక వారం ఆమె పుస్తకం తిరగేస్తే గాని జవాబు చెప్పలేనంత లోతైన ప్రశ్న వచ్చేది. మరుసటి వారం అదే మనిషి కీబోర్డులో ఫలానా మీట ఎందుకు అని అడిగేవాడు. తిక్క మనిషేమో అనుకుని ఊరుకుంది.

ఆ పల్లె నుంచే ఇంకో నలుగురు చేరారు. వాళ్ళ దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు. వాళ్ళలో మహాలక్ష్మి అనే అమ్మాయి గాయత్రికి బాగా గుర్తుంది. చేరడానికి తల్లితో కలిసి గుడివాడ దాకా వచ్చింది. ఎండుచేపలు అమ్ముకునే ఆ తల్లే మాటలన్నీ మాట్లాడింది.

"మా ఊరి స్కూలుకి కంప్యూటర్లు వచ్చినయ్యండి. చెప్పేవాళ్ళే లేరు. ఇది పాసైతే మా పిల్లనే పెట్టుకుంటామని హెడ్మాస్టరు గారు మాటిచ్చారండి. మా ఇంటా వంటా కుర్చీలో కూర్చుని పనిచేసినోళ్ళు లేరండి."

పక్కనున్న మహాలక్ష్మి నేల చూపులు చూస్తూ నవ్వింది. ఆ నవ్వు చూసి గాయత్రి ముచ్చటపడింది. అలాంటి పిల్ల నెలల తరబడి ఒక్క అక్షరం రాయకపోయేసరికి అంతకంత చిరాకూ పడింది.

దసరా సెలవులు అయిపోయిన వారం అనుకుంటా, వెంకటపతి పేరుతో ఒక ప్రశ్న వచ్చింది. "మేడమ్ గారూ, సేవ్ చేసిన ఫైలు ఎక్కడికి వెళ్తుందండి?"

ఆ రోజు గాయత్రికి పొద్దున లేచిన దగ్గర్నుంచీ ఏదీ కలిసిరాలేదు. ఇంట్లో పంపు చెడిపోయింది, ఆఫీసులో గోవర్ధనరావు గారు సతాయించారు. మొదటి పాఠంలో చెప్పిన సంగతి ఇన్ని నెలల తర్వాత అడుగుతాడా అని ఒళ్ళు మండింది. టకటకా కొట్టేసింది. "ఇంతకాలానికి ఈ ప్రశ్న అడుగుతున్నారంటే మీరు పాఠాలు చదవడమే లేదన్నమాట. చదివే ఉద్దేశం లేనివాళ్ళు దయచేసి నా సమయం, తోటివారి సమయం వృథా చేయవద్దు." పంపాక ఇంకో టీ తెప్పించుకుంది. మధ్యాహ్నానికి ఆ సంగతే మర్చిపోయింది.

తర్వాత ఆ పల్లె నుంచి ప్రశ్నలు రావడం ఆగిపోయింది. రాసే ఒక్క వెంకటపతీ రాయడం మానేశాడు. చురక తగిలింది, కుదురుగా చదువుకుంటున్నట్టున్నాడు అనుకుంది గాయత్రి. అనుకోవడానికి ఏముంది, ఖాళీ పేజీలో మనకు ఏది కావాలంటే అది కనపడుతుంది.

వేసవి మొదట్లో పరీక్షకు వెళ్ళేవాళ్ళ పేర్లు ఖరారు చేయాల్సి వచ్చింది. పరీక్ష బందరులో. మౌనంగా ఉన్నవాళ్ళందరికీ గాయత్రి మెయిలు పంపింది. మీరు చర్చలో పాల్గొనలేదు గనక మీ పేరు తీసేస్తున్నాం, అభ్యంతరం ఉంటే తెలపండి అని. ఆ పల్లెలోని నలుగురి తరఫునా ఒకే జవాబు వచ్చింది, అదీ వెంకటపతి నుంచి. "మేడమ్ గారూ, మేము అయిదుగురమూ చదువుతున్నామండి. నేను ఇంతకాలం రాసినవి మా అందరివీనండి. దయచేసి ఎవరినీ తీయవద్దు. ఇట్లు తమ విధేయుడు."

గోవర్ధనరావు గారు అది చదివి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"కాపీ కొడుతున్నారని వాడే ఒప్పుకున్నాడుగా. అయిదుగుర్నీ కొట్టేయండి."

"ఒక్కసారి వెళ్ళి చూసొస్తానండి."

"ఆన్‌లైన్ కోర్సుకి మనిషి వెళ్ళడమేంటమ్మా? ఇంక ఆన్‌లైన్ ఎందుకు?"

"సోమవారం దాకా ఆగండి. వాళ్ళది తప్పయితే నేనే కొట్టేస్తాను."

ఆదివారం పొద్దున్నే గాయత్రి బస్సెక్కింది. పామర్రులో మారి, చల్లపల్లి, అవనిగడ్డ మీదుగా నాగాయలంక చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. ముందుగా ఫోను చేసింది గనక బస్టాండులో వెంకటపతి ఎదురుచూస్తున్నాడు. కుర్రాడనుకుంది గాని, ముప్పై దాటిన మనిషి. చెప్పులు పక్కకు విడిచి మరీ నమస్కారం పెట్టాడు. వాళ్ళు వెళ్ళే నెట్ సెంటరు బస్టాండు ఎదురుగానే ఉంది. దాన్ని నడిపే నాగుల్ మీరా ఫ్యాను తిప్పి, కుర్చీ తుడిచి వేశాడు.

"శనివారం శనివారం వస్తారు మేడమ్," అన్నాడు నాగుల్ మీరా. "అయిదుగురూ ఒక్క సిస్టం ముందే కూర్చుంటారు. ఈయన టైపు చేస్తాడు. మీ జవాబు వస్తే ఈయనే పైకి చదువుతాడు, అందరూ వింటారు. నాకైతే బడి నడుపుతున్నట్టే ఉంటది."

"ఎవరి పేరుతో వాళ్ళు రాయొచ్చుగా వెంకటపతీ? ఎవరికి వాళ్ళకి పాస్‌వర్డులు ఇచ్చాం కదా?"

అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు. "అందరూ తలో మాటా మాట్లాడితే మర్యాదగా ఉండదు కదండీ. మా రేవులో చేపలు వేలం పాటకి పెట్టినప్పుడు బోటుకి ఒక్కడే మాట్లాడతాడండి. ఇద్దరు నోరు తెరిచారంటే వీళ్ళలో వీళ్ళకే కుదర్లేదని వ్యాపారి ధర పడగొట్టేస్తాడండి. మీరు పెద్దవారు, మీ దగ్గర అయిదుగురం గోల చేస్తే ఏం బాగుంటదని, పెద్దవాణ్ణని నన్ను మాట్లాడమన్నారండి. నా ప్రశ్నలు తక్కువేనండి. మంచి మంచివన్నీ మహాలక్ష్మివేనండి."

ఒక వారం పండితుడు, ఒక వారం పసివాడు ఎందుకయ్యాడో గాయత్రికి అప్పుడు తెలిసింది. వెంటనే దసరా నాటి ప్రశ్న గుర్తొచ్చింది. అడగాలా వద్దా అని కాసేపు తటపటాయించి అడిగింది.

"సేవ్ చేసిన ఫైలు ఎక్కడికి వెళ్తుందని అడిగారు. అదెవరిది?"

వెంకటపతి నాగుల్ మీరా వైపు చూశాడు. ఆయన ఫ్యాను వైపు చూశాడు.

"అదీ ఆ అమ్మాయిదేనండి," అన్నాడు చివరికి వెంకటపతి. "ప్రాక్టికల్ ఫైలు వారమంతా ఇంట్లో కాయితం మీద రాసుకుని, శనివారం వచ్చి ఇందులో కొట్టి సేవ్ చేసేదండి. మళ్ళీ శనివారం వస్తే ఉండేది కాదండి. మళ్ళీ మొదట్నుంచీ కొట్టేది. అట్టా చాలాసార్లు అయిందండి. నేనేదో తప్పు చేస్తన్నాను బావా, మేడమ్ గారిని అడుగు అందండి."

నాగుల్ మీరా తల గోక్కున్నాడు. "ఏ సిస్టం ఖాళీగా ఉంటే అందులో కూర్చోబెడతాను మేడమ్. వైరస్ గొడవ ఎక్కువని వారం చివర అన్నీ తుడిచేస్తాను. రోజూ వచ్చేవాళ్ళకి ఈ సంగతి తెలుసు. వాళ్ళు ఎవరి సీడీ వాళ్ళు తెచ్చుకుంటారు. వీళ్ళూ తెచ్చుకుంటున్నారనే అనుకున్నాను."

ఒక్క సీడీ. లేకపోతే తన మెయిలుకే తను పంపుకుంటే పోయేది. గాయత్రి రాయాల్సిన జవాబు ఆ ఒక్క ముక్కే. ఆ పిల్ల అడిగింది ఆ కోర్సు మొత్తానికీ అవసరమైన ప్రశ్న. దానికి తను రాసింది ఏమిటో అక్షరం పొల్లుపోకుండా గుర్తొచ్చింది.

"నా జవాబు కూడా పైకే చదివావా?"

"అలవాటు కదండీ. మొదలుపెట్టాక ఆపలేకపోయాను. చుట్టుపక్కల సిస్టాల ముందు కూర్చున్నోళ్ళు కూడా విన్నారండి. ఆ అమ్మాయి కాయితాలు మడిచి సంచిలో పెట్టుకుందండి. మరుసటి శనివారం నుంచి రాలేదండి."

గాయత్రి నాగుల్ మీరా ఇచ్చిన కూల్ డ్రింకు సగం కూడా తాగలేదు. ఆటో పిలిచి పల్లెకు తీసుకెళ్ళమంది.

మహాలక్ష్మి ఇంటి వెనక ఇసకలో వల పరిచి రొయ్యపొట్టు ఆరబోస్తోంది. మేడమ్ గారు అని వెంకటపతి చెప్పగానే చేతులు లంగాకు తుడుచుకుని, గబగబా నులక మంచం తెచ్చి నీడలో వాల్చింది. తల్లి కొబ్బరి బోండం కొట్టించి తెచ్చింది. గాయత్రి మంచం మీద కూర్చుంది. దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలన్నీ ఒక్కసారిగా వచ్చేశాయి.

"నీ తప్పేమీ లేదమ్మా. ఆ ప్రశ్న అడిగినందుకు నిన్ను మెచ్చుకోవాల్సింది. ఆ సెంటర్లో కంప్యూటర్లు వారం వారం తుడిచేస్తారు, నాకది తెలీదు. తెలిసి ఉంటే అలా రాసేదాన్ని కాదు. నువ్వు పరీక్షకి వస్తున్నావు. చర్చ పేజీలో నీ ప్రశ్నలున్నాయి, వెంకటపతి పేరుతో ఉన్నా అవి నీవేనని నేను రాసిస్తాను. ప్రాక్టికల్ ఫైలు లేదని కంగారుపడకు, పరీక్ష రోజున బందరులో నా ఎదురుగానే చేద్దువుగాని. సరేనా?"

"అట్టాగేనండి."

"బందరు రావడానికి ఇబ్బందేమీ లేదుగా? వీళ్ళతోనే బస్సులో వచ్చెయ్యి."

"వస్తానండి."

"నీకు మంచి బుర్ర ఉందమ్మా. ఇలా మధ్యలో వదిలేస్తే ఎలా? మీ స్కూల్లో పిల్లలు నీకోసం ఎదురుచూస్తున్నారు."

తల్లి కొంగు సర్దుకుని ముందుకు వచ్చింది. "స్కూలు సంగతండీ, మరి…"

"అమ్మా, మేడమ్ గారి బస్సుకి టైమవుద్ది. లోపల మంచి రొయ్యపొట్టు ఉంది, పొట్లం కట్టు," అంది మహాలక్ష్మి.

తల్లి కూతురి మొహం చూసి లోపలికి వెళ్ళింది. గాయత్రి కూడా ఆ మొహం చూసింది. చక్కగా, మర్యాదగా, చేరిన రోజు నవ్వినట్టే నవ్వుతోంది. ఇంకేం కావాలి? కాసేపు సీడీలు ఎక్కడ దొరుకుతాయో, మెయిలుకు ఫైలు ఎలా జతచేయాలో వివరంగా చెప్పింది. మహాలక్ష్మి అన్నిటికీ తల ఊపింది. పొట్లం ఒళ్ళో పెట్టుకుని గాయత్రి తిరుగు బస్సెక్కింది. కిటికీ పక్కన సీటు దొరికింది, కాలవ గాలి చల్లగా తగులుతోంది. మనిషి మనిషి ఎదురుగా కూర్చుని మాట్లాడుకుంటే తెగని ముడి ఉండదని, ఈ మాట ఆ హైదరాబాదు నిపుణుడికి చెప్పాలని అనుకుంది. గుడివాడ వచ్చేదాకా ఆమెకు ఎంతో తృప్తిగా ఉంది.

సోమవారం గోవర్ధనరావు గారితో ఒక పూటంతా వాదించింది. ఆయన రూలు అన్నారు, ఈమె రేవు అంది, పాట అంది, ఒక్క నోరు అంది. ఆయనకు వ్యాపారం తెలుసు గనక పాట సంగతి చప్పున తలకెక్కింది. ధాన్యం బేరంలోనూ అంతేగా అన్నారు. అయిదుగురి పేర్లూ ఉంచేశారు. తర్వాత మూడు వారాలూ ఆ పల్లెలో తక్కిన వాళ్ళు ఎవరి పేరుతో వాళ్ళు రాయడం మొదలుపెట్టారు. బెరుకు బెరుకుగా, తప్పులతో రాశారు గాని రాశారు. గాయత్రి ప్రతి ప్రశ్నకూ పేరు పెట్టి పిలిచి, ఓపిగ్గా జవాబిచ్చింది. మహాలక్ష్మి రాయలేదు. ఆ పిల్లకు పాపం ఇప్పటికే అన్నీ వచ్చు, పరీక్షకు చదువుకుంటూ ఉంటుందిలే అనుకుంది.

పరీక్ష రోజు బందరులో ఉక్క పోస్తోంది. అద్దెకు తీసుకున్న స్కూలు వరండాలో గాయత్రి నిలబడి ఒక్కొక్కళ్ళనూ పలకరిస్తోంది. గేటు దగ్గర వెంకటపతి, అతని వెనక ముగ్గురూ కనపడ్డారు. ఆమె వాళ్ళ వెనక్కి చూసింది. ఇంకెవరూ లేరు.

"మహాలక్ష్మి ఏది?"

"రాలేదండి."

"ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉందండి. పొద్దున్నే వాళ్ళమ్మతో అవనిగడ్డ సంతకి వెళ్ళిందండి." వెంకటపతి చేతిలోని హాల్ టికెట్టును చుట్టసాగాడు. "స్కూల్లో వేరే అమ్మాయిని పెట్టేసుకున్నారండి. చల్లపల్లి నుంచి రోజూ బస్సులో వస్తదండి. మహాలక్ష్మి చదువు మానేసిందని తెలిసి హెడ్మాస్టరు గారు ఇంక ఆగలేదండి."

"ఎప్పుడు? మొన్నమొన్నేగా నేను వచ్చి మాట్లాడింది?"

"మీరు రాకముందేనండి. ఓ వారం ముందు."

గాయత్రికి ఆ తల్లి కొంగు సర్దుకుని ముందుకు రావడం కళ్ళముందు కదిలింది. "మరి నాతో చెప్పొచ్చుగా! వస్తానని ఎందుకంది?"

"అంత దూరం నుంచి ఎండలో వచ్చారు కదండీ. మీకు ఎదురుచెప్పలేక అట్టాగే అందంటండి. ఈ వెనకున్న మా తమ్ముడు కూడా నిన్న రాత్రి అడిగాడండి, పోనీ పరీక్షన్నా రాయి, ఇంకెక్కడన్నా పనికొస్తది అని." అతను ఓసారి వెనక్కి చూశాడు. తోటివాళ్ళు అతని వెనకే నిలబడి ఉన్నారు, కాని ఈసారి వాళ్ళెవరూ అతన్ని మాట్లాడమన్నట్టు లేదు. "ఇంకో మాటండి. మీరు కోప్పడకపోతే."

"చెప్పు వెంకటపతీ."

"మేడమ్ గారు నాకోసం వచ్చారు బావా, మంచి మనిషి, చాలాసేపు మాట్లాడారు అందండి. నేనెందుకు మానేశానో మాత్రం అడగలేదు అందండి."

వెంటనే చెప్పడానికి గాయత్రి దగ్గర జవాబుంది. ఎందుకు మానేసిందో నాకు తెలుసు కదా, ఫైలు పోయింది కదా, నేను రాసింది గుచ్చుకుంది కదా, అందుకేగా అన్ని మాటలు చెప్పాను. అది పెదవుల దాకా వచ్చింది. అప్పుడే మరో అనుమానం అడ్డొచ్చింది. అందుకేనా అని ఆ పిల్లను అడిగిందెవరు? సరేనా అంది, ఇబ్బంది లేదుగా అంది, మధ్యలో వదిలేస్తే ఎలా అంది. అన్నీ తనే అడిగి, జవాబులు కూడా తనే పట్టుకెళ్ళింది. ఆ పిల్లకు మిగిల్చింది తల ఊపడం ఒక్కటే.

లోపల గంట మోగింది. వెంకటపతి చెప్పులు విడిచి, నమస్కారం పెట్టి, మిగతా ముగ్గురినీ ముందు నడవమని తను చివర్లో గదిలోకి వెళ్ళాడు. గాయత్రి హాజరు కాగితం తీసుకుని బెంచీల మధ్య నడిచింది. ఖాళీ చోటు దగ్గర ఆగింది. ఆ రోజు బస్సులో ఎంత తృప్తిగా కూర్చుందో గుర్తొచ్చి, అంతమంది పిల్లల ముందు సిగ్గుతో ఆమె మొహం వేడెక్కింది.